వీధిబడియు, వాకిటి పాటయు

శిశువులకు ఆటపాటలతో విద్య గఱపవలెనను మాట ఇటీవల మిక్కిలిగా వినవచ్చుచున్నది. 2020 జూలైలో కేంద్రప్రభుత్వము ప్రకటించిన జాతీయ విద్యావిధానము మూడేండ్ల ప్రాయము మొదలు ఎనిమిదేండ్ల వఱకు గల కాలమునకు పునాది దశయని పేరు పెట్టి, ఆ దశయందు ఆటయే బోధనకు ముఖ్యసాధనమని చెప్పినది. 2022 అక్టోబరులో దానికి పాఠ్యప్రణాళికయు, 2023 ఫిబ్రవరిలో బొమ్మలు, చిత్రపటములు, కథల పుస్తకములు మొదలగువాటితో నింపిన 'జాదుయీ పిటారా' యను పెట్టెయు వెలువడినవి. దీనిని చూచి కొందఱు, ఇది జర్మనీనుండియు ఇటలీనుండియు దిగుమతియైన సరకని పెదవి విఱచుచున్నారు. మఱికొందఱు, ఇదంతయు మన పూర్వుల గురుకులములలో నున్నదే, పరదేశులు కొనిపోయి మరల మనకే అమ్ముచున్నారని ఱొమ్ము విఱుచుకొనుచున్నారు. ఈ రెండు మాటలును మాకు సరిపడలేదు. ఊహలను కట్టిపెట్టి, ఒక్క సీమను పట్టుకొని, అచ్చట రెండువందల యేండ్ల క్రిందట పసిపిల్లలు బడిలో నేమి చేయుచుండిరి, వాకిట నేమి చేయుచుండిరి యని వెదకి చూచుట మేలని తోచినది. ఆ సీమ ప్యాపిలి పరిసరము.

ప్యాపిలి నేడు నంద్యాల జిల్లాలోనిది. 2022 ఏప్రిలు 4వ తేదీన ఆ జిల్లా ఏర్పడువఱకు కర్నూలు జిల్లాలోనిది. కర్నూలునుండి డోన్ మీదుగా గుత్తికి పోవు దారిలో, రాతిగుట్టల నడుమ, వానను నమ్ముకొన్న మెట్టచేల నడుమ నున్న యూరు. దాని పొరుగుననున్న పత్తికొండయు గుత్తియు పందొమ్మిదవ శతాబ్ది ప్రథమార్ధమున బళ్లారి జిల్లాలో నుండినవి. పత్తికొండ తాలూకాను 1858లో బళ్లారినుండి విడదీసి కర్నూలులో గలిపిరి. కావున ఈ ప్రాంతపు పాతబడుల ముచ్చట కావలసినవారు కర్నూలు కాగితములను గాక బళ్లారి కలెక్టరు దఫ్తరమును చూడవలెను.

ఆ దఫ్తరములో మన యదృష్టవశమున మంచి జాబొకటి నిలిచియున్నది. మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో 1822 జూన్‌లో, రాజధానియందలి దేశీయపాఠశాలల లెక్క తీసి పంపవలసినదని కలెక్టర్లకందఱకు నుత్తరువు చేసెను. ఈ మన్రో 1800 మొదలు 1807 వఱకు దత్తమండలములకు కలెక్టరుగా నుండి ఈ నేలను కాలినడకన ఎఱిగినవాడు. 1827 జూలై 6వ తేదీన పత్తికొండయందే విషూచి తగిలి మరణించెను. ఆయన యుత్తరువునకు బళ్లారి కలెక్టరు ఎ. డి. క్యాంబెల్ 1823 ఆగస్టు 17వ తేదీన జవాబు వ్రాసెను. తక్కిన కలెక్టర్లు పెక్కుమంది అంకెలు పంపి చేతులు దులుపుకొనిరి. క్యాంబెల్ మాత్రము 1816లోనే తెలుగునకు ఇంగ్లీషున వ్యాకరణము వ్రాసి ప్రకటించిన భాషావేత్త యగుటచేత, బడిలోనికి తొంగిచూచి, కన్నది కన్నట్లు వ్రాసెను. నేడు మనకు ఆ జాబు బంగారము.

ఆ లెక్క యిది. జిల్లా జనసంఖ్య 9,27,857. బడులు 533. చదువుకొను పిల్లలు 6,641 మంది. అనగా బడికి సుమారు పండ్రెండుగురు. జనములో వేయికి ఏడుగురు. ఆ బడులలో తెనుగు చెప్పునవి 226, కన్నడము చెప్పునవి 235. తక్కినవి మరాటీ, పారసీకము, అరవము, సంస్కృతము చెప్పునవి, ఇంగ్లీషు చెప్పునది ఒక్కటి. 6,641 మందిలో బాలికలు అఱువదిమంది. ఈ కడపటి అంకెను చదువరులు జ్ఞాపకముంచుకొందురు గాక. మా వ్యాసమంతయు దానిచుట్టు తిరుగవలసియున్నది.

పిల్లవానికి అయిదేండ్లు నిండగానే అయ్యవారును, బడిపిల్లలందఱును వాని యింటికి పిలువబడుదురు. విఘ్నేశ్వరుని బొమ్మచుట్టు వలయముగా కూర్చుందురు. ధూపము, నైవేద్యము అయిన పిమ్మట అయ్యవారు శిశువు వ్రేలు పట్టి బియ్యములో దేవుని పేరు వ్రాయించును. మఱునాడు బడి. అచ్చట మొదట ఇసుకలో వ్రేలితో అక్షరములు దిద్దుట. అక్షరమును నోట పలికి నేర్చుటకంటె చేత వ్రాసి నేర్చుట ముందని క్యాంబెల్ ప్రత్యేకముగా గుర్తించెను. చేయి తిరిగిన తర్వాత పలకయో, కడితమో. కడితమనగా గంజిపెట్టిన గుడ్డను పుస్తకమువలె మడచి, బొగ్గును జిగురును కలిపి పూసినది. బలపముతో వ్రాసి తడిగుడ్డతో తుడువవచ్చును. అక్షరములు, ఒత్తులు, మనుష్యుల పేర్లు, ఊళ్ల పేర్లు, జంతువుల పేర్లు, అటుపిమ్మట అంకెలు. దినమునకు రెండుమాఱులు పిల్లలందఱును వరుసగా నిలువబడి, పెద్దపిల్లవాడు చెప్పగా ఎక్కములు వల్లించుట. పెద్ద తరగతివారు చిన్న తరగతివారికి చెప్పుట ఈ బడులలో మామూలు. దీనినే మద్రాసు ఎగ్మూరు అనాథబాలుర శాలలో ఆండ్రూ బెల్ అనుకరించి, 1797లో లండనులో గ్రంథముగా ప్రకటింపగా, ఇంగ్లండులో బీదపిల్లల బడులనేకములు ఆ మార్గమున నడచినవి. ఇసుకలో వ్రాత సైతము బెల్ మన వీధిబడినుండి గ్రహించినదే.

ఇంతవఱకు ముచ్చటగానే యున్నది. ఉదయము ఆఱుగంటలకు బడి తెఱచునప్పటి ముచ్చట వేఱు. మొదట వచ్చినవాని యఱచేత సరస్వతి పేరు వ్రాయుదురు. రెండవవాని చేత సున్న. మూడవవానికి ఒక దెబ్బ, నాలుగవవానికి రెండు, అట్లు వరుసగా హెచ్చును. మన పెద్దలు శ్రీయనియు చుక్కయనియు చెప్పుకొనునది యిదియే. చదువనివానిని దూలమునకు చేతులు కట్టి వ్రేలాడదీయుట కోదండము. గుంజిళ్లు తీయించుట అంతకు తక్కువది. అది బాధాకరమైనను దేహమునకు మంచిదేమోయని కలెక్టరుగారు చమత్కరించిరి. పండ్రెండుగురు పిల్లలున్న బడిలో పండ్రెండవవానికి పది దెబ్బలు. ఇంటిలో చంటితమ్ముని ఎత్తుకొనియో, ఎద్దులకు నీళ్లుపెట్టియో ఆలస్యముగ వచ్చిన పిల్లవాడే నిత్యము పండ్రెండవవాడు. గురుకులమంతయు ఆటపాటలమయమని చెప్పువారు ఈ లెక్కను ఒక్కసారి చూడవలెను.

అయినను ఆ బడిలో పాట లేదా? ఉన్నది. ఎక్కములు రాగముననే చెప్పుచుండిరి; నేటికిని డెబ్బదియేండ్ల ముసలివారు బేరమాడుచు పదమూడేళ్లు ఎంతయని తడవుకొనునపుడు ఆ రాగమే పైకి వచ్చును. గుణింతమును చూడుడు. హ్రస్వము, దీర్ఘము, హ్రస్వము, దీర్ఘము అని అది నడచు నడక తనంత తానే తాళము. అమరమును, ఆంధ్రనామసంగ్రహమును క్యాంబెల్ తన జాబులో పేర్కొనెను. అవి నిఘంటువులయ్యును పద్యములలో నుండుట ఊరక కాదు. కాగితము లేని కాలమున పద్యమే పెట్టె, రాగమే తాళపుచెవి. శిక్షాశాస్త్రమను వేదాంగము స్వరమును మాత్రను గూర్చినదే కదా. పాణినీయశిక్షయందు మాత్రల కొలతకు పక్షులను చూపిరి: పాలపిట్ట కూత ఒక మాత్ర, కాకి కూత రెండు మాత్రలు, నెమలి కూత మూడు మాత్రలు; ముంగిస అరమాత్ర. హ్రస్వదీర్ఘప్లుతములకు కోడికూతయే పోలికయని సూత్రమును వివరించువారును గలరు. ఎవరో ఒక పూర్వాచార్యుడు పిల్లలచేత కాకివలె, నెమలివలె కూయించి నవ్వుచు మాత్రలు నేర్పియుండునని మేము తలంచుచుందుము. ప్రమాణము చూపుమనిన చూపజాలము గాని, కాకిని ఎఱుగని పిల్లవాడు లేడు.

ప్యాపిలికి పడమట ఎఱ్ఱగుడి గుట్టమీద అశోకుని శాసనములున్నవి; అవి 1929 ప్రాంతమున పండితలోకమునకు తెలిసినవి. అందులో ఒకటి మావటివారిని, లేఖకులను, బ్రాహ్మణగురువులను తమ శిష్యులకు పూర్వాచారము ననుసరించి శిక్షణ మీయుడని ఆదేశించుచున్నది. ఆ పూర్వాచారమెట్టిదో చెప్పలేదు. విచిత్రమేమనగా, ఆ శాసనములో కొన్ని పంక్తులు ఎడమనుండి కుడికిని, కొన్ని కుడినుండి ఎడమకును, దున్ను ఎద్దు మళ్లినట్లు చెక్కబడియున్నవి. మొదటి తరగతిలో పలకమీద వెనుకకు వ్రాసిన పిల్లవానిని మందలించుటకు ముందు మేము ఆ రాజలేఖకుని తలచుకొందుము.

మరల బడిలోనికి వత్తము. బడిలోని పాట జ్ఞాపకమునకు సాధనము, అర్థమునకు కాదు. ఈ లోపమును క్యాంబెల్ సూటిగా చెప్పెను. పిల్లవాడు లెక్కలేనన్ని పద్యములు గడగడ చదువును. అందలి యర్థము చిలుకకు తెలిసినంతయే వానికిని తెలియును. పద్యభాష వేఱు, నోటిభాష వేఱు. అర్థము చెప్పగల యయ్యవార్లు అరుదు. కనుక ఆ పాట నోటిలో పుట్టి నోటిలోనే యుండెను. చేతికి పని లేదు, కాలికి పని లేదు, ప్రశ్నకు చోటు లేదు.

సంవత్సరమునకొకసారి మాత్రము బడి పాడుచు వీధిలోనికి వచ్చెడిది. అది దసరా. పిల్లలు క్రొత్తబట్టలు కట్టి, రంగుకాగితములు చుట్టిన విల్లంబులు, గిలకలు పట్టుకొని, అయ్యవారు ముందు నడువగా ఇంటింటికి పోయి పాటలు పాడి దీవించెడివారు. ఇంటివారు అయ్యవారికి కానుకయు, పిల్లలకు పప్పుబెల్లములును ఇచ్చెడివారు. సుకుమారమైన ముచ్చటయే. అయితే దాని లోపలి సంగతి అయ్యవారి జీతము. నెలకు దొరకు కాసులు చాలక, సంవత్సరపు కొఱతను ఆ తొమ్మిది దినములలో తీర్చుకొనుచుండిరి. సర్కారు జీతములు వచ్చిన పిమ్మట, దసరాకు ముందే సెలవులు వచ్చిన పిమ్మట, ఆ యాచారము చాలయూళ్లలో మాయమైనది. బడి దృష్టిలో పాట పండుగనాటి వేషమను భావము మాత్రము మాయము కాలేదు. నేటి వార్షికోత్సవములు దానికి సాక్ష్యము. మూడువందల యఱువది దినములు నోరు మూసుకొనుమని చెప్పిన పిల్లలచేత ఒక్క సాయంకాలము దీపముల వెలుగున గంతులు వేయింతురు.

ఇక వాకిలి. బడి యరుగుకు పదిగజముల దూరముననున్న ప్రతి వాకిటను వేఱొక విద్య నడచుచుండెను. దాని కయ్యవారు లేడు, కోదండము లేదు.

పిల్లలు కాళ్లు చాపి వరుసగా కూర్చుందురు. అవ్వయో అక్కయో పాట పాడుచు, ఒక్కొక్క దెబ్బకు ఒక్కొక్క కాలిని తాకుచు పోవును. పాట నిలిచిన కాలిని మడువవలెను. ఇది వట్టి వినోదమని తలంచువారు లెక్క చెప్పునపుడు మొదటి తరగతిని చూడలేదు. ఒక మాటకు ఒక వస్తువు, ఒక వస్తువునకు ఒక మాట యను సంబంధము మనస్సున నాటనిచో పిల్లవాడు నూఱు వఱకు ఒప్పగించును గాని ఏడు చింతగింజలను ఎంచలేడు. అట్టివారిని మేము ఎందఱనో చూచితిమి. కాళ్లను తాకు పాట ఆ సంబంధమును మూడవయేటనే నాటును.

అచ్చనగండ్ల యాట ఇంకను చిత్రమైనది. అయిదు రాళ్లు. ఒకటి పైకి విసరి అది క్రిందపడులోపల తక్కిన నాలుగింటిని ఏఱవలెను: మొదట ఒకటొకటిగా, తర్వాత రెండు రెండుగా, తర్వాత మూడును ఒకటియు, కడపట నాలుగును ఒక్కసారిగా. నాలుగను సంఖ్యను ఎన్నివిధముల విడదీయవచ్చునో అన్నివిధములును ఆ చేతిలో వరుసగా జరిగిపోవును. రెండును ఒకటియు ఒకటియు అను విభాగమొక్కటే మిగిలినది. నేటి గణితబోధకులు పూసలు పెట్టి నేర్పునది యిదియే. వామనగుంటలలో పదునాలుగు గుంటలు. చేతిలోని గింజలను గుంటకొకటిగా వేయుచు పోయినపుడు ఎచ్చట తెగునో ముందుగా ఊహింపగలిగిన పిల్లయే గెలుచును. ఆ యూహకు పాఠశాలలో భాగహారమను పేరున్నది.

చెమ్మచెక్కలో ఇద్దఱు ఎదురెదురుగ నిలిచి తాళమునకు సరిగా అఱచేతులు కలుపవలెను. ఒకరు తొందరపడిన ఇద్దఱి యాటయు చెడును. ఒప్పులకుప్పలో చేతులు పట్టుకొని వెనుకకు వాలి గిఱ్ఱున తిరుగుదురు. ఎదుటిదాని బరువును నా బరువుతో తూచుకొననిచో పడిపోవుదుము. చెడుగుడులో ఊపిరి విడువక కూత పెట్టవలెను. పొడుగు వాక్యమును చదువలేక నడుమ తెగిపోవు పిల్లవానికి మేము ఈ యాటనే మందుగా ఇచ్చితిమి. ఏడుచేపల కథలో చేప ఎండలేదు. ఎందుకనిన గడ్డిమోపు అడ్డము. మోపును ఆవు ఎందుకు మేయలేదనిన మఱొక కారణము. అట్లు పోయి పోయి చీమపుట్ట వఱకు కారణము వెనుక కారణము. తర్కసంగ్రహము చదివిన మాకును కార్యకారణమును ఇంతకంటె తేలికగా పసివానికి చెప్పు ఉపాయము తెలియదు.

ఈ విద్యకంతకును అధికారిణులెవరు? అవ్వలు, తల్లులు, అక్కలు. అచ్చనగండ్లు, చెమ్మచెక్క, గొబ్బి, బొమ్మల పెండ్లి, ఇవి ఆడుపిల్లల సొత్తు. ఆ యాడుపిల్లలు బడిలో నెందఱు? జిల్లాకంతకు అఱువది. ఇదియే మాకు కనబడిన చిక్కుముడి. పాట ఎఱిగినవారు బడికి వెలుపల. బడిలోనివారు పాటకు వెలుపల. అయిదవయేట బియ్యములో వ్రాయించి కొడుకును అరుగుమీదికి తీసికొనిపోయిన దినమున, వాని చెల్లెలు వాకిట నిలిచిపోయెను. దానితోడనే వాని ఆటయు పాటయు నిలిచిపోయెను. ఆడువారి చేష్టలని, పసివారి కూతలని వాటిని తలుపు బయట నుంచిరి. స్త్రీవిద్య లేకపోవుటవలన స్త్రీలకు కలిగిన నష్టమును మన సంస్కర్తలు చక్కగ చెప్పిరి. దానివలన బడికి, మగపిల్లలకు కలిగిన నష్టమును చెప్పినవారు తక్కువ.

జర్మనీలో ఫ్రోబెల్ చేసిన పనిని ఈ వెలుగున చూచినచో అది ఎంత దగ్గఱిదో తెలియును. ఆయన 1837లో బ్లాంకెన్‌బర్గులో చిన్నపిల్లల శాల పెట్టి, 1840లో దానికి కిండర్‌గార్టెన్, అనగా పిల్లలతోట, యని పేరుపెట్టెను. 1844లో తల్లుల పాటలపుస్తకమును ప్రకటించెను. అందులో ప్రతి పాటకును వ్రేళ్ల యాటయు, బొమ్మయు, స్వరమును, తల్లికి నాలుగు మాటలును గలవు. ఆయన గొప్పతనము క్రొత్తవిద్యను కనిపెట్టుట కాదు. తల్లుల యొడిలో నున్నదానిని బుద్ధిమంతుడైన మగవాడు సిగ్గుపడక నేర్చుకొని, దానిని శాస్త్రముగా కట్టి, స్త్రీలనే ఉపాధ్యాయినులుగా తయారుచేయుట. ప్రషియా ప్రభుత్వము దీనికి భయపడి 1851లో పిల్లలతోటలను నిషేధించెను. పసిపిల్లల చప్పట్లలో రాజద్రోహము వినబడినది కాబోలు! 1860 వఱకు ఆ నిషేధము నిలిచినది; ఫ్రోబెల్ 1852లోనే కన్నుమూసెను.

మన రాజధానికి ఈ గాలి స్త్రీలద్వారానే సోకినది. మద్రాసులో బాలికాపాఠశాలల పరీక్షాధికారిణిగ నుండిన ఇసబెల్ బ్రాండర్ 1900 ప్రాంతమున హిందూదేశపు కిండర్‌గార్టెన్ బోధననుగూర్చి కథలు, వస్తుపాఠములు, పాటలు, ఆటలతో గ్రంథము వ్రాసెను. గుజరాతులో గిజుభాయి 1920లో భావనగరమున బాలమందిరము స్థాపించెను. 1907 జనవరి 6వ తేదీన రోములో బీదపిల్లల యిల్లు తెఱచిన మాంటిసోరి విదుషి 1939 నవంబరులో మద్రాసు అడయారునకు వచ్చి, దేశపు నలుమూలలనుండి చేరిన సుమారు మూడువందల యుపాధ్యాయులకు బోధించెను. ఇంతలో ఇటలీ యుద్ధమున దిగుటచేత ఆమె శత్రుదేశీయురాలై, 1946 వఱకు ఈ దేశమునందే యుండిపోయెను. ఆమెకు ఉత్త బొమ్మలాటమీద గౌరవము తక్కువ. పిల్లవాడు నిజమైన చేటను, నిజమైన నీటిని కోరునని ఆమె మతము. ఫ్రోబెల్‌కును ఆమెకును ఇచ్చట భేదము గలదు. మా మట్టుకు, బొమ్మరింటిలో దొంగవంట వండు పిల్లను చూచినవారు ఆ రెంటిని విడదీయుట కష్టమని యందుము.

తెనుగున గిడుగు వేంకట సీతాపతి, చింతా దీక్షితులు మొదలగువారు పిల్లల నోటికి తగిన మాటలతో పాటలు కట్టిరి. మద్రాసు రేడియోలో న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు అన్నయ్య, అక్కయ్య యను పేర్లతో పిల్లలచేతనే పాడించి, ఆడించిరి. 1945లో 'బాల' పత్రికను నెలకొల్పిరి. అయితే నాటి రేడియో ధనికుల చావడిలోనిది. మెట్టసీమ పల్లెల బీదపిల్లలకు అది అందుట కల్ల.

స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట 1975 అక్టోబరు 2వ తేదీన దేశమున 33 చోట్ల ఆరంభమైన శిశుసంక్షేమ పథకమువలన అంగన్‌వాడీలు పల్లెపల్లెకు వచ్చినవి. మా దృష్టిలో మన సీమ బాలవిద్యా చరిత్రలో ఇంతకంటె పెద్ద సంగతి లేదు. కాని దానినెవ్వరును అట్లు చెప్పరు. ఎందుకు పెద్దదందుమా? ఊరి ఆడుబిడ్డయే మొదటి తడవ ఊరి పసిపిల్లలకు అధికారికముగా గురువైనది. 1823లో తలుపు బయట నిలిచిన యక్క, అయిదారు తరముల పిమ్మట లోపలికి వచ్చి కూర్చున్నది. వచ్చినదానికి మనమిచ్చినదేమి? చాలీచాలని భృతి, తూకపు లెక్కలు, చరవాణిలో నింపవలసిన వివరములు. పాటకు మిగిలిన సమయమెంత?

ఇచ్చట మన గృహస్థులతో ఒక్కమాట. అంగన్‌వాడీలో పిల్లలు పాడుచుండగా, అచ్చట చదువేమున్నది, ఆటలేకదా యని, మూడేండ్ల బిడ్డకు టై కట్టి, బస్సెక్కించి, ఆంగ్లాక్షరములు నాలుగు గీతల పుస్తకములో దిద్దించు చోటికి పంపువారు మనలోనే యున్నారు. పంపుడు; కాని ఆ బిడ్డ వ్రేలియెముకలు అప్పటికింకను కుదురుకొనలేదనియు, పూర్వపు వీధిబడి సైతము అయిదేండ్లు నిండక ముందు చేతికి బలపమీయలేదనియు ఎఱిగి పంపుడు. కోదండము పోయినదని సంతోషించువారు, దాని స్థానమున వచ్చిన ఇంటిపని సంచిని చూడరు.

ప్యాపిలికి పడమటి మండలములలో వానలు మొగము చాటువేసిన యేట జనము సుగ్గికి పోవుదురు. గుంటూరు సీమకు మిరపకాయలు కోయుటకు, ప్రత్తి తీయుటకు తల్లిదండ్రులు కదలినపుడు పిల్లలును కదలుదురు. మూడు నాలుగు నెలలకు తిరిగివచ్చిన బిడ్డకు పుస్తకములోని పాఠము గుర్తుండదు, పుస్తకమే యుండదు. అట్టి బిడ్డలు మా తరగతిలో నుండిరి. గుణింతమును తాళముతో, హ్రస్వమునకొక చప్పట్టు, దీర్ఘమునకు చేయి చాచిన మఱొక చప్పట్టుగా నేర్చినవారు తిరిగివచ్చిన దినముననే తక్కినవారితో కలసి చప్పట్లు కొట్టిరి. చేలగట్టున తమ్ములకును నేర్పిరట. వరుసగా నల్లబల్లమీద చూచి వ్రాసినవారు మరల మొదటినుండి ఆరంభింపవలసివచ్చినది. ఇది పెద్ద పరిశోధన యనము. గుప్పెడు పిల్లలను చూచి చెప్పుమాట. అయినను బీదవాని బిడ్డ తలమీది మూటలో బరువు లేక ఇముడు సరకు ఏదియో దీనినిబట్టి మాకు తెలిసినది.

అభినయగేయములను పేరున పాఠ్యపుస్తకములలో పాటలు నేడు చాలగలవు. వాటిలో సగము బల్లలమీద వరుసగా నిలువబెట్టి, అందఱిచేత ఒకేమాఱు చేయి ఎత్తించి దించించునవి. అర్థము లేని పద్యమును వల్లించుటకును, అర్థము లేని చేయి ఊపుటకును మాకు భేదము కానరాదు. క్యాంబెల్ చూచిన చిలుకకు రెక్కలాడించుట నేర్పితిమి, అంతియే. పాటలో పిల్లవానికి చేయవలసిన పని యుండవలెను: తాకవలసినదో, ఎంచవలసినదో, ఎదుటివానికి జవాబీయవలసినదో. వాకిటి పాటలన్నింటను ఆ పని గలదు.

ఆ వాకిటి పాటలను మన పండితులు సేకరింపకపోలేదు. బిరుదురాజు రామరాజుగారు 1958లో ప్రకటించిన తెలుగు జానపద గేయసాహిత్య గ్రంథము మొదలు పెక్కు కూర్పులు గలవు. కాని అచ్చుపుస్తకమున నిలిచినవి మాటలు. ఏ మాటకు ఏ కాలిని తాకవలెను, ఏ మాటకు పిడికిలి విప్పవలెను, ఎచ్చట ఆగవలెను, ఎచ్చట నవ్వవలెను అనునది ముసలమ్మల చేతులలో నున్నది. ప్యాపిలి, డోన్, పత్తికొండ ప్రాంతములలో ఒక్కొక్క పాటకును ఊరికొక తీరు గలదు. కన్నడపు మాటలు కలసినవియు గలవు. మొదటి తరగతి చెప్పు ఉపాధ్యాయుడు వారమునకొక మధ్యాహ్నము ఊరిలోని యవ్వనొకతెను బడికి పిలిచి, కుర్చీ వేసి, ఆమె పిల్లలతో ఆడుచుండగా ఒక చిన్నపుస్తకమున ఎడమప్రక్క పాటయు, కుడిప్రక్క చేతిపనియు వ్రాసికొనవచ్చును. చరవాణియున్నచో చిత్రమునే పట్టవచ్చును. దీనికి సర్కారు ఉత్తరువక్కఱలేదు. కుర్చీ సంగతి మాత్రము మఱువరాదు: బడిలో తాను నేల కూర్చుండవలసినదానననుకొని చాలమంది యవ్వలు గుమ్మమువద్దనే నిలిచిపోవుదురు.